తాతల ఇంటి గడపతో బెంచీ చేశా, మా అమ్మ కూర్చోనంటోంది

గడపదాటినోడు (తిరుపతి, ఎం.ఆర్.పల్లి)
అన్నలకీ అక్కలకీ నమస్కారం. కొయ్యపని నా వృత్తి కాదు, ఆదివారాల పిచ్చి. పోయిన ఏడాది చిత్తూరు దగ్గర మా ఊళ్ళో తాతల నాటి ఇల్లు పడగొట్టాం. దూలాలూ తలుపులూ పాత సామాన్ల వాళ్ళు బేరమాడి తోలుకుపోయారు గానీ వీధివాకిలి గడప మాత్రం నేను ఇవ్వలేదు. నాలుగున్నర అడుగుల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల మందం, కాటా మీద పెడితే పాతిక కిలోలు తూగింది. రెండు చివర్లా తలుపు రెక్కలు తిరిగిన గుంతలున్నాయి, లోపల ఆముదం మడ్డి గట్టిపడి నల్లగా గోరుకి అంటుకుంటుంది. మధ్యలో గుర్రపు నాడా కొట్టిన మేకులు. నాడా ఎప్పుడో ఊడిపోయింది, విరిగి లోపలే మిగిలిన మేకులు మాత్రం నా చిత్రిక బ్లేడుని తినేశాయి. విచిత్రం ఏంటంటే పైన ఎక్కడా అరుగుదల లేదు. ఎందుకుంటుంది, గడప తొక్కితే వీపు పగిలేది కదా మన ఇళ్ళల్లో. అరుగుదల బదులు పసుపు ఉంది. చిత్రిక పడితే మొదట పసుపు పొట్టు లేచింది, తర్వాత బూడిద రంగు పొట్టు, ఆ తర్వాత గానీ గట్టి చేవ బయటపడలేదు.

అప్పుడు తట్టింది. గడప మీద కూర్చోకురా అని చిన్నప్పటి నుంచి తిట్లు తిన్నాం కదా, ఆ గడపనే కూర్చునే బెంచీ చేస్తే? చూడగానే కూర్చోబుద్ధి అవుతుంది, కూర్చోబోతే ఏదో వెనక్కి లాగుతుంది, ఆ సందేహమే నాక్కావాల్సింది. వేప కాళ్ళు నాలుగు తెచ్చి గడపకి నిలువునా బెజ్జాలు వేసి దిగ్గొట్టాను, ఎత్తు 17 అంగుళాలు. హాల్లో పెట్టి మూడు వారాలైంది. మా అమ్మ కూర్చోదు, ఎవరినీ కూర్చోనివ్వదు, దరిద్రం అంటుంది. పోయిన వారం మా బావ తెలియక కూర్చుంటే చెయ్యిపట్టి లేపేసింది. నా ఐడియా బాగా పనిచేసిందని సంతోషపడాలా, బెంచీ దండగైందని ఏడవాలా?

చిత్రికపట్టు
గడప మీద కూర్చున్నది నరసింహస్వామి ఒక్కడే సామీ, ఆయనకీ పని ఉండి కూర్చున్నాడు. మీ బావకి ఏం పని?

సన్‌మైకాసుఖం (తిరుపతి)
నాకు ఈ కాన్సెప్ట్ ఫర్నిచర్ గోల ఎప్పటికీ అర్థం కాదు. కుర్చీ అంటే కూర్చోవాలి, బల్ల అంటే ఏదైనా పెట్టుకోవాలి. పక్కకి వాలిన బీరువాలు, మూడు కాళ్ళ కుర్చీలు, వంకర అద్దాలు, ఇవన్నీ ఇంట్లో పనిమనిషి ఉండేవాళ్ళ సరదాలు, ఎందుకంటే ఆ సందుల్లో దుమ్ము తుడిచేది వాళ్ళు కాదు. మంచి చేవ కర్ర దొరికితే చక్కగా ఓ పీట చేసుకోవచ్చు కదా అన్నా. నేను మాత్రం ప్లైవుడ్, సన్‌మైకాతో హాయిగా ఉన్నాను, తడిగుడ్డ పెట్టి తుడిస్తే అయిపోయింది.

పలమనేరు_డిజైన్
సన్‌మైకా అన్నా, మీ మాట సగం ఒప్పుకుంటా, వింతగా ఉంటే చాలు డిజైన్ అయిపోయిందనుకునే వాళ్ళు మా క్లాసులోనే బోలెడు మంది. కానీ గడప అన్నది వేరే కథ. చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ 1997లో ఒక పాత చింగ్ రాజుల కాలపు బల్లని విడగొట్టి మళ్ళీ అతికించాడు, రెండు కాళ్ళు నేల మీద ఉంటాయి, రెండు కాళ్ళు గోడకి ఆనుతాయి. దాని మీద అన్నం తినలేం. అయినా అతుకులన్నీ పాతకాలం వడ్రంగుల పద్ధతిలోనే, మేకు లేకుండా, ఎక్కడ కోసి ఎక్కడ కలిపాడో కనిపెట్టలేనంత శుభ్రంగా ఉంటాయి. పనితనం అంత బాగుంది కాబట్టే ఆ బల్ల చూస్తే కడుపులో తిప్పినట్టు ఉంటుంది, లేకపోతే విరిగిన బల్ల అనుకుని దాటిపోతాం.

ఇంకొకటి వెండెల్ కాసిల్ అనే అమెరికా ఆయన 1985లో చేసిన నిలువు గడియారం. తెల్ల దుప్పటి కప్పి తాడుతో కట్టినట్టుంటుంది, దగ్గరికెళ్ళి చూస్తే దుప్పటీ లేదు గడియారమూ లేదు, మొత్తం మహాగని చెక్క, దుప్పటి మడతలతో సహా ఉలితో తీసినవే, గుడ్డలా కనబడాలని ఆ భాగం చెక్కని తెల్లబరిచాడు. గంట చూపించదు, టైం చూసుకోవడానికి కుదరదు. మరి దాన్ని ఏమంటారు?

సన్‌మైకాసుఖం
బొమ్మ అంటాను. మాధవమాలలో చేసే స్వామి విగ్రహం కూడా కొయ్యే కదా, దాన్ని ఎవరూ ఫర్నిచర్ అనరు.

ఆచారిమనవడు (శ్రీకాళహస్తి)
మాధవమాల మాట ఎత్తారు కాబట్టి వచ్చాను, మాది ఆ పక్కనే. మా తాత బాడిస పట్టాడు, నాన్న ఉలి పట్టాడు, నేను ల్యాప్‌టాప్ పట్టాను, అయినా చెక్క వాసన వస్తే ఆగలేను. బొమ్మా కాదా అన్నది మీరు తేల్చుకోండి, నాకు రెండు ప్రశ్నలు. గడపదాటినోడన్నా, అది ఏం కర్ర? కాళ్ళు ఎలా బిగించావు, జిగురు పోశావా?

గడపదాటినోడు
మా తాత వేప అనేవాడు. కాళ్ళ కొసలు గుండ్రంగా తీసి, ఆ కొసని రంపంతో చీల్చి, పైకి వచ్చిన చోట చీల కొట్టాను. జిగురు వెయ్యలేదు, ఒకటి రెండు సార్లు విప్పి చూసుకోవాలని ఆపాను, తర్వాత బద్ధకించాను.

ఆచారిమనవడు
ఆ బద్ధకం నిన్ను కాపాడింది, ఎందుకో తర్వాత చెప్తా. వేప అంటే నాకు నమ్మకం లేదు. నువ్వు చెప్పిన కొలతకి చెక్క ఒక ఘనపుటడుగు కంటే కొంచెమే ఎక్కువ, దానికే పాతిక కిలోలంటే బాగా చేవ ఉన్న కర్ర. చిత్రిక పొట్టు గుప్పెడు తీసుకుని గాజు గ్లాసులో నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టు. పొద్దున ఎండలో పక్క నుంచి చూసి ఎలా ఉందో చెప్పు.

గడపదాటినోడు
అన్నా! టీ డికాషన్ రంగు వచ్చింది. ఎండకి పట్టి పక్క నుంచి చూస్తే అంచున నీలంగా, నెమలి మెడలాగా మెరుస్తోంది. ఇదేంటి?

ఆచారిమనవడు
వేగిస. మన శేషాచలం అడవుల కర్రే, ఎర్రచందనానికి దగ్గర చుట్టం. చక్కెర జబ్బుకి మంచిదని కొయ్య గ్లాసులు అమ్ముతారు చూడు, అది ఈ కర్రే. ఆ నీళ్ళు మాత్రం తాగొద్దు, దాంట్లో మీ ఊరి పసుపూ ఆముదం మడ్డీ కూడా ఉంటాయి.

చిత్రికపట్టు
ఎర్రచందనం అన్నారు కాబట్టి అడుగుతున్నా, గడప మధ్యలో సన్నగా ఎర్రచందనం పట్టీ ఒకటి పొదిగితే అదిరిపోతుంది కదా? మాకు తెలిసిన ఒకాయన దగ్గర ముక్కలు ఉన్నాయంటున్నాడు.

ఆచారిమనవడు
వద్దు. సొంత పట్టా భూమిలో పెరిగిన చెట్టయినా కొట్టాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి, కాగితం లేని ముక్క ఎంత చిన్నదైనా ఇంట్లో పెట్టుకుంటే తలనొప్పి. తిరుపతిలో ఉండి ఇది ఒకరు చెప్పాలా అబ్బా.

దోరమామిడి (బంగారుపాళ్యం)
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నా గోడు వినండి. మాకు తోతాపురి తోట ఉంది, కాపు తగ్గిన ముసలి చెట్లు నాలుగు కొట్టించాం. నాలుగు డబ్బులకి కట్టెల కింద ఇవ్వబుద్ధి కాక ఒక కోతమిల్లులో పలకలు కోయించి, వాళ్ళే ఆరబెట్టి ఇస్తామంటే నమ్మి ఇచ్చాను. మూడు నెలలకి బాగా ఎండిందన్నారు. మూడడుగుల వెడల్పు వచ్చేలా పలకలు అతికించి, కింద ఇనుప ఫ్రేము పెట్టి, ఒక్కో పలకకి ఆరేసి స్క్రూలు బిగించి భోజనాల బల్ల చేయించాను. ఒకవైపు చెట్టు బెరడు అంచు అలాగే ఉంచాం, చూసినవాళ్ళంతా ఫోటోలు తీసుకున్నారు. మే నెలలో ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాం, టపాకాయ పేలినట్టు చప్పుడైంది. గ్యాస్ అనుకుని మా ఆవిడ బయటికి పరిగెత్తింది. చూస్తే బల్ల ఈ కొస నుంచి మధ్య దాకా పగిలింది, వేలు పట్టేంత సందు. ఆరు నెలలకి ఆ సందులోంచి పిండిలాంటి పొడి కూడా రాలడం మొదలైంది.

ఆచారిమనవడు
పొడి అంటే పుచ్చు పురుగు, మామిడికి అది మామూలే, కోసిన వెంటనే బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాల్సింది. పగులుకి మాత్రం తప్పు చెక్కది కాదు, స్క్రూలది. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం ఊపిరి పీల్చి వదిలినట్టు పెరుగుతుంది, తగ్గుతుంది. అడ్డంగా అన్నా అన్నివైపులా ఒకేలా కాదు. చెట్టు వలయాల వెంబడి వచ్చే తగ్గుదల, నడిమి నుంచి బెరడు వైపుకి వచ్చే తగ్గుదలకి రెండింతలు ఉంటుంది సుమారుగా. కార్తీక మాసం వానల్లో తాగిన తేమంతా మే ఎండలకి కక్కేస్తుంది. అప్పుడు అది ముడుచుకోబోతే ఇనుము వదల్లేదు, ఏం చేస్తుంది మరి, పగిలింది. ఫ్రేముకి గుండ్రటి రంధ్రాల బదులు పొడుగాటి రంధ్రాలు వేసి ఉంటే స్క్రూ అందులో జరుగుతూ ఉండేది. పలక ఆరడానికి కూడా అంగుళం మందానికి ఏడాది అని మా తాత లెక్క, మూడు నెలల్లో ఎలా ఆరుతుంది.

దోరమామిడి
ఇప్పుడు ఆ సందుని ఏం చెయ్యాలి? లప్పం పెట్టి పూడ్చేద్దామా?

పలమనేరు_డిజైన్
పూడ్చకండి అన్నా, దయచేసి! జార్జ్ నకషిమా అని జపాను మూలాలున్న అమెరికా వడ్రంగి ఉండేవాడు, పగుళ్ళున్న పలకలంటే ఆయనకి ప్రాణం. పగులుని దాచకుండా దానికి అడ్డంగా సీతాకోకచిలక ఆకారంలో వేరే చెక్క ముక్క పొదిగేవాడు, అది పగులు ఇంకా సాగకుండా పట్టుకుంటుంది, చూడటానికి అదే అందం. చాలామందికి తెలియదు, ఈయన 1930ల చివర్లో మన పక్కనే పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ళ గోల్కొండ భవనం కట్టడానికి వచ్చి పని చూసుకుంటూ అక్కడే ఆశ్రమంలో ఉన్నాడు. 1964లో అహ్మదాబాద్ డిజైన్ సంస్థకి కూడా వచ్చాడు.

చిత్రికపట్టు
అంటే బల్లకి పుత్తూరు కట్టు.

ఆచారిమనవడు
ఆహా, ఇకనుంచి నేను దాన్ని అదే పేరుతో పిలుస్తా. దోరమామిడన్నా, మూడు కట్లు వెయ్యి, అంగుళం మందం ఉన్న పలకకి సగం లోతు చాలు, కట్టుకి టేకు గానీ చింత గానీ వాడు. కట్టు ముక్క పోగు పగులుకి అడ్డంగా రావాలి, పగులుతో పాటే పెడితే నడుం దగ్గర పుటుక్కున విరుగుతుంది. ముందు ఆ ఇనుప స్క్రూలు వదులు చెయ్యి, లేకపోతే ఎన్ని కట్లు కట్టినా వచ్చే వేసవికి పక్కన పగులుతుంది.

అరుగుమీదత్త
మీ మగపిల్లలంతా చీలలూ స్క్రూలూ మాట్లాడుకుంటున్నారు, అసలు మాట ఎవరూ అడగలేదు. నాయనా గడపదాటినోడా, మీ అమ్మని అడిగి చేశావా ఆ బెంచీ? ఆమె కోడలిగా వచ్చిన రోజున కుడికాలు పెట్టి దాటిన గడప అది. శుక్రవారం శుక్రవారం వంగి పసుపు రాసి బొట్లు పెట్టిన చెయ్యి ఆమెది. దానికి నువ్వు నాలుగు బెజ్జాలు వేసి, కూర్చో అమ్మా అంటే ఎలా కూర్చుంటుంది? మూఢనమ్మకం అని తేల్చెయ్యకు. నీకు అది ఐడియా, ఆమెకి అది వాకిలి.

ఇంకోమాట. ఆకారంతో ఆడుకోవడం ఇప్పుడు ఎవరో కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మా పుట్టింట్లో వ్యాసపీఠం ఉండేది, ఒకే పలక, అతుకు లేదు, మేకు లేదు, మధ్యలో వేళ్ళు కలిపినట్టు కోసి రెండు రెక్కలుగా విప్పుతారు, విప్పితే భాగవతం పెట్టుకునే పీఠం, మూస్తే మళ్ళీ పలక. భోషాణం ఉండేది, లోపల వడ్లు, పైన మా తాత పడక. దొంగ రావాలంటే ముందు తాతని లేపాలి. వామనగుంటల పీట చేపలాగా మడిచేది. గోడకి చిలక్కొయ్య, చిలక ముక్కుకి మా నాయన చొక్కా. వీటికి ఎవరూ పేరు పెట్టలేదు, మ్యూజియంలో పెట్టలేదు, పగిలితే పొయ్యిలో పెట్టారు.

సన్‌మైకాసుఖం
అత్తమ్మా, దండం. నేను మొదటి నుంచి మొత్తుకునేది ఇదే. వ్యాసపీఠం తమాషాగా ఉంటుంది, పుస్తకమూ మోస్తుంది. ఆ దుప్పటి గడియారం ఏం మోస్తుంది?

పలమనేరు_డిజైన్
మోసేవి కూడా ఉన్నాయి అన్నా, నేనే తప్పు ఉదాహరణతో మొదలుపెట్టా. 1934లో రీట్‌వెల్డ్ అనే డచ్చాయన చేసిన జిగ్‌జాగ్ కుర్చీ నాలుగే పలకలు, కాళ్ళే లేవు, ఇంగ్లీషు జెడ్ అక్షరంలా ఉంటుంది, మనిషి కూర్చుంటే విరిగిపోతుందేమో అనిపిస్తుంది, విరగదు. మూలల్లో బిగించిన ముక్కోణపు చెక్కలే దాని రహస్యం. తేయో రెమీ 1991లో పాత సొరుగులు ఏరుకొచ్చి, ఒక్కోదానికి కొత్త పెట్టె చేసి, అన్నీ అడ్డదిడ్డంగా పేర్చి బెల్టుతో కట్టేశాడు. బీరువాలాగే వాడుకోవచ్చు, ఏ సొరుగులో ఏం పెట్టావో గుర్తుండదు అంతే. 1999లో యుర్గెన్ బే పడిపోయిన చెట్టు మానుకి కంచుతో పోతపోసిన కుర్చీ వీపులు గుచ్చాడు. మాను మానే, వీపు తగలగానే బెంచీ అయిపోయింది. ఈ మూడోది నాకు బాగా ఇష్టం, మన ఊళ్ళల్లో రచ్చబండ పక్కన పడేసిన మొద్దు మీద అందరం కూర్చున్నవాళ్ళమే కదా.

అత్తమ్మ అన్నదాంట్లో ఒకటి మాత్రం నన్ను గుచ్చింది. ఐ వెయ్‌వెయ్ బల్ల ఎవరిదో తెలియదు, అందుకే మనకి నొప్పి లేదు. గడప ఎవరిదో తెలుసు.

గడపదాటినోడు
రెండు రోజులుగా ఈ చర్చ చదువుతూ ఉన్నా, జవాబు రాయలేదు. నిజం చెప్పాలంటే అమ్మని అడగలేదు. కర్ర పారేయకుండా కాపాడినందుకు మెచ్చుకుంటుంది అనుకున్నా. నిన్న రాత్రి అడిగాను, ఏం చెయ్యమంటావు అని. "కిందకి కూర్చోబెట్టావు కాబట్టి కూర్చుంటారు, కూర్చోలేనంత ఎత్తులో పెట్టు" అని లోపలికి వెళ్ళిపోయింది. అంతే. ఎత్తు పెంచితే పడిపోతుందా? ఏడంగుళాల వెడల్పే ఉంది, ఇంట్లో చిన్నపాప ఉంది.

ఆచారిమనవడు
ఇందాక తర్వాత చెప్తా అన్నది ఇదే. జిగురు వెయ్యలేదు కాబట్టి చీల తీసేసి పైనుంచి కర్ర సుత్తితో కొడితే కాళ్ళు కిందకి ఊడి వస్తాయి, గడపకి దెబ్బ తగలదు. జిగురు పోసి ఉంటే కొయ్యాల్సి వచ్చేది. ఎత్తు 33 అంగుళాలు పెట్టు, వాకిలి పక్కన సన్నబల్లలా ఉంటుంది. కానీ నాలుగు కాళ్ళ మీద నిలబెట్టకు, అంత బరువు అంత సన్నటి ఒంటితో పైన ఉంటే పాప పట్టుకుని లాగితే మీద పడుతుంది. ముందు రెండు కాళ్ళే దించు, వెనక భాగం గోడకి పట్టించు.

అరుగుమీదత్త
గోడకి చిలక్కొయ్యలు దిగ్గొట్టి వాటి మీద ఆనించు నాయనా. ఆ చిలకలు కొంచెం పక్కకి పొడుచుకొస్తే గొడుగు కూడా తగిలించుకోవచ్చు.

పలమనేరు_డిజైన్
రెండు కాళ్ళు నేల మీద, మిగతాది గోడ మీద!! ఐ వెయ్‌వెయ్ చేసినదానికి, చిన్నపాప మీద పడకుండా చేసినదానికి ఒకటే ఆకారం వచ్చింది చూడండి.

సన్‌మైకాసుఖం
ఇది ఒప్పుకుంటా. దీనికి కారణం ఉంది.

గడపదాటినోడు
మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చా. అయిపోయింది. చిలక్కొయ్యలు మాధవమాలలో చెక్కించాను, టేకు, చిలక కన్ను దగ్గర ఉలి జారి చిన్న గీత పడింది, కొత్తది చేసిస్తామన్నా వద్దన్నాను. గడప వెనక వైపు ఆ రెండింటి మీద కూర్చుంది, ముందు రెండు కాళ్ళు పాత బెజ్జాల్లోనే దిగాయి. చిలకలకి ఆనే చోట గడపకి కింద పొడుగాటి గాడి తీశాను, ఆచారిమనవడన్న చెప్పినట్టు చెక్క కదలడానికి చోటుండాలని. వెనక రెండు బెజ్జాలు ఖాళీగా మిగిలాయి, పాప అందులో పెన్సిళ్ళు పెట్టి అవి కిందపడుతుంటే గంటసేపు నవ్వింది, ఇక పూడ్చలేదు. తలుపు తిరిగిన గుంతల్లో ఒకదాంట్లో తాళాలు పెడుతున్నాం, రెండోదాంట్లో అమ్మ ప్రమిద పెట్టింది. అవిసె నూనె మూడు పూతలు వేశాను.

ఇప్పుడు కొత్త టెన్షన్. శుక్రవారం పొద్దున లేచి చూస్తే నా నూనె పాలిష్ మీద నిండుగా పసుపు రాసి ఉంది, మూడు బొట్లు. తుడిచినా మరక పోవట్లేదు. ఏం చెయ్యాలి?

ఆచారిమనవడు
పసుపు రంగు ఎండకి ఆగదు. కిటికీ ఎండ దాని మీద పడేలా పెడితే కొన్ని రోజులకి అదే వెలిసిపోతుంది. గీకొద్దు. ఆ నూనె గుడ్డల సంగతి కూడా గుర్తు పెట్టుకో, అవిసె నూనె తడిపిన గుడ్డల్ని ముద్దచేసి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, దండెం మీద విడివిడిగా ఆరేసి తర్వాత పారెయ్యి.

చిత్రికపట్టు
వెలిసేలోపు మళ్ళీ శుక్రవారం వస్తుంది కదా?

గడపదాటినోడు
అమ్మ కూడా అదే అంది. పోగొట్టే పని పక్కన పెట్టేశా. గుడ్డలు ఇప్పుడే దండెం మీద వేసి వచ్చా అన్నా, ముద్దచేసే పెట్టాను నిజానికి. మరి 17 అంగుళాల పాత కాళ్ళు నాలుగు మిగిలాయి, మంచి వేప. హాల్లో కూర్చోవడానికి ఏమీ లేకుండా పోయింది.

దోరమామిడి
మా దగ్గర ఇంకో రెండు పలకలున్నాయి తమ్ముడూ, వాటికి బోరాక్స్ పట్టించి అటక మీద పెట్టాను, రెండేళ్ళు దాటింది. ఒకటి నీకిస్తా. ఆదివారం మధ్యాహ్నంలోపు రా, ఆరడుగుల పలక బస్సులో ఎక్కనివ్వరు, ఆటో మాట్లాడుకుని రా. వచ్చేటప్పుడు ఆ సీతాకోకచిలక కట్టు కొయ్యడానికి సన్న ఉలి ఉంటే తెచ్చిపెట్టు, నా దగ్గర ముప్పావు అంగుళానిదే ఉంది.